చెంబును దించేది ఏ కండరం?

వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని మన విద్యార్థి సంఘం కార్యదర్శి మూడుసార్లు వచ్చి అడిగాడు. మొదటిసారి ఏదో చెప్పి తప్పించుకున్నాను. రెండవసారి "పోనీ, మీ పాత జ్ఞాపకాలు రాయండి సార్" అన్నాడు. నలభై ఏళ్ళుగా వ్యాయామ విద్యను నమ్ముకుని బ్రతుకుతున్నవాడికి జ్ఞాపకాలకేం కొదవ! కాని అవి చదివితే ఎవరికి ఒరిగేదేముంది? మూడవసారి వచ్చేసరికి నేను ప్రాక్టికల్ పరీక్షలు ముగించుకుని స్టాఫ్ రూములో ఒక్కణ్ణే కూర్చుని వున్నాను. ఆ రోజు పరీక్షలో జరిగిన సంగతి ఇంకా మనసులో మెదులుతూనే వున్నది. "రేపు రాసిస్తాను, ఫో" అన్నాను. అదే ఇది. నా సహాధ్యాపకులలో కొందరికి రుచించకపోవచ్చు. విద్యార్థులకు మాత్రం పనికొస్తుందనే నా ఆశ.

ఆ రోజు బల్లమీద నిండా నీళ్ళున్న ఇత్తడి చెంబు ఒకటి పెట్టాను. వచ్చిన ప్రతి విద్యార్థినీ ఆ చెంబును ఒంటిచేత్తో భుజం దాకా ఎత్తి, మళ్ళీ నెమ్మదిగా బల్లమీద దించమన్నాను. ఎత్తుతున్నప్పుడు "ఇప్పుడు మోచేతిని మడుస్తున్నది ఏ కండరం?" అని అడిగితే, అందరూ తడుముకోకుండా చెప్పారు: "బైసెప్స్, సార్." పుట్టుక ఎక్కడ, అతుకు ఎక్కడ, ఏ నరం, ఏ రక్తనాళం అన్నీ అప్పజెప్పారు. సంతోషించాను. దించుతున్నప్పుడు అడిగాను: "ఇప్పుడు పనిచేస్తున్నది ఏది?"

"ట్రైసెప్స్, సార్."

ఒకరు కాదు, ఇద్దరు కాదు. దాదాపు అందరూ అదే చెప్పారు. కారణం కూడా చెప్పారు. మోచేయి మడవటం బైసెప్స్ పని, చాపటం ట్రైసెప్స్ పని. చెంబు దించేటప్పుడు మోచేయి చాచుకుంటున్నది. కనుక ట్రైసెప్స్! తర్కం చూస్తే ఎక్కడా లోపం లేదు. జవాబు మాత్రం తప్పు.

చదువరి మిత్రులారా, ఈ సంచిక చేతిలో వుండగానే ఒకసారి చేసి చూడండి. కుడిచేత్తో చెంబు పట్టుకోండి. ఎడమచేతి వేళ్ళను కుడి దండచేతి ముందుభాగాన, చిన్నపిల్లలు "నా కండ చూడు" అని చూపించుకునే చోట ఆనించండి. ఎత్తండి, గట్టిపడుతుంది. ఇప్పుడు నెమ్మదిగా దించండి. ఇంకా గట్టిగానే వుంటుంది! ఎడమచేతిని వెనక్కు తెచ్చి ట్రైసెప్స్ మీద పెట్టి మళ్ళీ దించి చూడండి. మెత్తగా పడివుంటుంది. చెంబును కిందికి తీసుకుపోయేది భూమ్యాకర్షణ. అది పడిపోకుండా పట్టుకుని, కొంచెం కొంచెంగా సాగుతూ వదిలేది మళ్ళీ ఆ బైసెప్సే, దాని కింద దాగిన బ్రేకియాలిస్ అనే కండరమున్నూ. నూతిలోకి బొక్కెన దించేటప్పుడు తాడు వదిలేది ఎవరు? పైకి చేదిన చేతులే గదా! బొక్కెనను కిందికి లాగడానికి నూతిలో వేరే మనిషి కూర్చుని వుండడు. చెంబును కోపంతో బల్లమీద దభీమని కొడితే మాత్రం ట్రైసెప్స్ వస్తుంది. నెమ్మదిగా దించేదొక కండరం, విసురుగా కొట్టేదొక కండరం. కీలు కదిలిన దిక్కు రెండింటిలోనూ ఒకటే.

కుర్చీలో కూర్చోవటం ఇంకో ఉదాహరణ. కూర్చునేటప్పుడు మోకాలు మడుచుకుంటుంది. పుస్తకం ప్రకారం మోకాలు మడిచేవి తొడ వెనుక కండరాలు. తొడ ముందుభాగాన చెయ్యి వేసి మెల్లగా కూర్చోండి. బిగుసుకునేది ముందు కండరమే, మోకాలిని చాపుతుందని మీరు బట్టీ పట్టిన క్వాడ్రిసెప్సే. తిరుమల మెట్లెక్కినవారికి ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. నడిచే దిగారా, ఆ నొప్పి మర్నాడు తెలుస్తుంది. తొడలు పట్టేసి పీటమీద కూర్చోలేరు. సాగుతూ బరువు మోసిన కండరానికి మర్నాడొచ్చే నొప్పి అది.

మరి మన విద్యార్థులకు ఎందుకు తెలియలేదు? వాళ్ళు మందమతులా? కాదు. నలభై పేర్లు నలభై నిమిషాల్లో అప్పజెప్పగల పిల్లలు. తప్పు మన పాఠానిది. ఆ పాఠం చెప్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మనం ఎలా చెబుతున్నామో ఒక్కసారి చూద్దాం. మొదటి సెమిస్టరులో శరీర నిర్మాణ శాస్త్రం. గోడకు పటం. గాజు బీరువాలో అస్థిపంజరం; తాళం చెవి అటెండరు దగ్గర. అధ్యాపకుడు ఎముకల పేర్లు చెబుతాడు, విద్యార్థి రాసుకుంటాడు. తరువాత కండరాలు: పేరు, పుట్టుక, అతుకు, పని, నాలుగు గళ్ళ పట్టిక. కదలికల శాస్త్రం, అంటే కైనిసియాలజీ, ఇంకెప్పుడో చివరి సెమిస్టరులో వస్తుంది. అప్పటికి మొదటిది మరిచిపోయి వుంటారు. ఈ రెండింటికీ నడుమ ప్రతి ఉదయం మైదానంలో పరుగులు, గెంతులు, విసుర్లు వుండనే వున్నాయి. కాని ఆ మైదానానికీ ఈ పట్టికకూ చుట్టరికం ఎవరూ కలపరు. ఉదయం ఆరు గంటలకు పిక్క పట్టేసిన కుర్రవాడే పదకొండు గంటలకు తరగతిలో కూర్చుని "గాస్ట్రాక్‌నీమియస్" అని రాసుకుంటాడు. రెండూ ఒకటేనని అతనికి తట్టదు.

దీనివల్ల నష్టమేమిటి, మార్కులు వస్తున్నాయి గదా అంటారా? నష్టమేమిటో నా బ్రతుకులోంచే చెబుతాను. ఇది నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

1984లో నేను ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా చేరాను. కొత్త ఉద్యోగం, కొత్త విజిల్, అనాటమీలో తరగతికల్లా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నానన్న గర్వం. తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు వుండేవాడు. పేరు అక్కరలేదు. సన్నగా రివటలా వుండి, ఖోఖోలో పాదరసంలా కదిలేవాడు. జిల్లా జట్టులోకి వెళ్తాడని నేనే అందరితో చెప్పేవాణ్ణి. ఆ ఏడాది ఒక్కసారిగా పొడుగు సాగాడు. ఆ తరువాత నెలరోజులకు "మోకాలు నొప్పిగా వుంటోందండి మాష్టారూ" అని వచ్చాడు. చిప్పకు కింద, ముందువైపు, ఉసిరికాయంత బుడిపె తేలి వున్నది. నొక్కితే "అమ్మా" అన్నాడు.

నేనేం చేశాను? తొడలో బలం చాలటం లేదని తేల్చాను. రోజూ ఏభై గుంజీళ్ళు, మైదానం చుట్టూ ఒక రౌండు బాతు నడక వేయించాను. వారం తరువాత కుంటుతూ వచ్చాడు. "ఒళ్ళు వంచటానికి బద్ధకం" అన్నాను, అందరి ముందూ. మరో వారానికి రావటం మానేశాడు. వాళ్ళ నాన్న కనిపిస్తే, "మీవాడికి పట్టుదల లేదండీ" అని కూడా అన్నాను.

ఏడేళ్ళ తరువాత పై చదువుకు వెళ్ళినప్పుడు గ్రంథాలయంలో ఒక పుస్తకం తిరగేస్తుంటే ఆ మోకాలు నా కంటబడింది. అదే బుడిపె. 1903లో ఆస్‌గుడ్ అనే అమెరికన్ వైద్యుడూ, ష్లాటర్ అనే స్విస్ వైద్యుడూ ఎవరికి వారే దాన్ని వర్ణించారు. పొడుగు సాగే వయసు పిల్లలలో, ముఖ్యంగా గెంతే ఆటలు ఆడేవారిలో వస్తుంది. తొడ ముందు కండరం మోకాలి చిప్పను పట్టుకుని, చిప్ప కింది తాడు ద్వారా ముంగాలి ఎముకను లాగుతుంది. పెద్దవాళ్ళలో ఆ తాడు అతికే చోటు గట్టి ఎముక. ఎదిగే పిల్లల్లో అది ఇంకా పూర్తిగా ఎముక కాలేదు. ఎదుగుతున్న మెత్తని భాగం. గెంతిన ప్రతిసారీ, గుంజీ తీసిన ప్రతిసారీ అక్కడే లాగుడు పడుతుంది. ఆ చోటు వాచి, నొచ్చి, బుడిపె కడుతుంది. దీనికి కావలసింది వైద్యుడికి చూపించి, గెంతులూ గుంజీళ్ళూ తగ్గించి, నొప్పిని బట్టి ఆట సర్దుకోవటం. ఎదుగుదల ఆగేసరికి చాలామందికి అదే సర్దుకుంటుంది. నేను ఆ పిల్లవాడి చేత చేయించినదల్లా, నొప్పి పుడుతున్న ఆ ఒక్కచోటునే రోజుకు ఏభైసార్లు లాగించటం.

ఆ రాత్రి ఇంటికి వచ్చి పాత పెట్టెలోంచి నా అనాటమీ నోటు పుస్తకం తీశాను. అందులో నా చేతిరాతతోనే వున్నది: "క్వాడ్రిసెప్స్: అతుకు, టిబియల్ ట్యూబరాసిటీ." ఎర్రసిరాతో గీత గీసి మరీ రాసుకున్నాను. పరీక్షలో దానికి మార్కులు కూడా పడ్డాయి. ఆ అతుకుచోటు ఆ కుర్రవాడి మోకాలిమీద నా బొటనవేలి కిందే వున్నదని మాత్రం నాకు తెలియలేదు. పదం తెలుసు. పదం వెనుక వున్న లాగుడు తెలియదు.

ఎముకలు 206 అని మనం మొదటిరోజే చెప్పిస్తాం. అది పెద్దవారి లెక్క. పుట్టిన బిడ్డలో విడివిడి భాగాలు ఇంతకంటె చాలా ఎక్కువ వుంటాయి, ఎదిగేకొద్దీ అతుక్కుంటాయి. సుశ్రుతుడు మూడువందలన్నాడు, చరకుడు మూడువందల అరవై అన్నాడు. వారు లెక్కించిన పద్ధతి వేరు. సంఖ్య అప్పజెప్పటం సులభమే. ఎదుటనున్నది ఎదుగుతున్న ఎముకా, ఎదిగిన ఎముకా అని చూడగలగటం చదువు. మన విద్యార్థులలో ఎక్కువమంది రేపు వెళ్ళేది పదేళ్ళ నుంచి పదహారేళ్ళ పిల్లల దగ్గరకే గదా!

కదలికను గురించి మనుషులు నేర్చుకున్న తీరు కూడా ఈ మాటే చెబుతుంది. శవాన్ని కోసి చూస్తే కండరం ఎక్కడ నుంచి ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. దాన్నిబట్టి అది ఏం చేయగలదో ఊహించవచ్చు. ఇటలీవాడైన బొరెల్లి కండరాలకు తులాదండాల లెక్క కట్టాడు; ఆయన గ్రంథం ఆయన పోయాక 1680, 81లలో వెలువడింది. ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ బ్రతికున్న మనుషుల కండరాలకు విద్యుత్తు తగిలించి, ఒక్కొక్కటి ముడుచుకుంటే ఏమవుతుందో చూసి 1867లో పుస్తకం రాశాడు. అయినా ఒక చిక్కు మిగిలింది. ఒక కండరాన్ని ఒంటరిగా ముడిపిస్తే అది ఏం చేయగలదో తెలుస్తుంది. మనిషి తన పనిలో వున్నప్పుడు అది ఏం చేస్తున్నదో దానితో తెలియదు. కండరాల్లో పుట్టే విద్యుత్తును యంత్రంతో పట్టి చూడటం మొదలయ్యాక ఆ సంగతి తేలసాగింది. బాస్మాజియన్ 1962లో ప్రచురించిన గ్రంథం పేరే "సజీవ కండరాలు" అని అర్థం వచ్చేది. లోకం శవం నుంచి సజీవానికి వచ్చి ఇంతకాలమైంది. మనం ఇంకా గోడమీద పటం దగ్గరే ఆగిపోయాము.

ఇక నేను కోరేదేమిటి? ముందు కదలిక, తరువాత కండరం, ఆ తరువాత పేరు. పాఠం ఈ వరుసలో సాగాలి.

తులాదండాలనే తీసుకోండి. మూడు రకాలని సూత్రం చెప్పి, ఆనుడు, బరువు, బలం అని బొమ్మలు గీస్తాం. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఇంత యాతనెందుకు? ఏతం చూసినవాడికి మొదటి రకం చెప్పనక్కరలేదు. మధ్యలో ఆనుడు, ఒకపక్క బాన, ఒకపక్క మనిషి. మన తల అలాగే మెడ ఎముకమీద ఆనివున్నది; ముందుకు ముఖం బరువు, వెనుక మెడ కండరాల లాగుడు. బస్సులో కునుకు పట్టినవాడి గడ్డం రొమ్ముమీద ఎందుకు వాలుతుంది? వెనుకవాళ్ళు ఏతం వదిలేశారు కనుక. అడకత్తెర రెండవ రకం. వక్క మధ్యలో, చెయ్యి చివర. మునివేళ్ళమీద లేచి నిలబడితే మన పాదం అడకత్తెరే: వేళ్ళ మొదట ఆనుడు, మధ్యలో వొంటి బరువు, మడమను లాగే పిక్క. మధ్యలో నొక్కితే కొసలు దగ్గరయ్యే నిప్పుల పట్టకారు మూడవ రకం. మన మోచేయి అదే.

మోచేతి లెక్క ఒక్కటి చేయించండి చాలు. బైసెప్స్ తాడు కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో అతుకుతుందనుకుందాం. అరచేయి సుమారు 35 సెంటీమీటర్ల దూరాన వున్నది. మోచేయి సమకోణంలో వుంచి 5 కిలోల బియ్యం సంచి పట్టుకుంటే, ఆ కండరం లాగవలసింది 5 కాదు, 35 కిలోల బరువంత. ముంజేతి సొంత బరువు అదనం. దేవుడు లెక్క తప్పాడా? తప్పలేదు. తాడు ఒక సెంటీమీటరు ముడుచుకుంటే అరచేయి ఏడు సెంటీమీటర్లు కదులుతుంది. బలం ఖర్చుపెట్టి వేగం కొనుక్కున్నాం. బంతి విసరగలిగేది అందుకే. ఈ లెక్క అర్థమైన విద్యార్థికి బరువు వొంటికి దూరంగా పట్టుకుని ఎత్తకూడదని వేరే చెప్పాలా? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. బరువులెత్తేవారి బార్ వొంటికి ఎంత దగ్గరగా లేస్తుందో ఏ చలనచిత్రంలోనైనా చూడండి. బార్ నాలుగు వేళ్ళు ముందుకు జరిగితే నడుముమీద పడే భారం ఎంత పెరుగుతుందో అక్కడికక్కడే లెక్క కట్టించండి. అనాటమీ, భౌతికశాస్త్రం, ఆట, మూడూ ఒకే గంటలో వచ్చేస్తాయి.

భుజం పాఠం ఇంకా తేలిక. ఇద్దరిద్దరుగా నిలబెట్టండి. ఒకడు చేతిని పక్కనుంచి మెల్లగా తలపైకి ఎత్తాలి. వెనుకనున్నవాడు అతని రెక్క ఎముక కింది మొనమీద వేలు పెట్టాలి. మొదట్లో పెద్దగా కదలదు. తరువాత రెక్క జారుతూ, పక్కకు తిరుగుతూ పోతుంది. చెయ్యి తిరిగిన 180 డిగ్రీలలో సుమారు 120 భుజం కీలువి, 60 రెక్కవి అని 1944లో ఇన్‌మన్, సాండర్స్, ఆబట్ అనే ముగ్గురు చూపించారు. ఆ అంకె పుస్తకంలో చదివినవాడు పరీక్షకు మరిచిపోతాడు. వేలి కింద రెక్క తిరగటం చూసినవాడు మరువడు. ఈటె విసిరేవాడి భుజం నొస్తే భుజంతోపాటు రెక్కనూ చూడాలని అతనికే తోస్తుంది.

కబడ్డీ ఆడేవాళ్ళకు ఒక తమాషా. గట్టిగా పిడికిలి బిగించండి. స్నేహితుడు మీ మణికట్టును మెల్లగా లోపలికి వంచాలి. మెల్లగా సుమా! వంచేకొద్దీ పిడికిలి సడలిపోతుంది. ముంజేతి వెనుకనుంచి వేళ్ళకు పోయే తాళ్ళు మణికట్టునూ వేళ్ళనూ రెండింటినీ ఒకేసారి అంత మడవనివ్వవు. ముందువైపు తాళ్ళకు లాగటానికి పట్టు మిగలదు. రెండు కీళ్ళను దాటే కండరం గురించి నేను నల్లబల్లమీద గంటసేపు చెప్పినా ఎక్కనిది ఇలా అరనిమిషంలో ఎక్కింది. వెనుక బెంచీ కుర్రవాడొకడు, "ఇది మా ఊళ్ళో ఎప్పట్నుంచో వున్న పట్టేగా సార్!" అన్నాడు. వున్నది. ఎందుకో తెలియకుండా వున్నది. ఎందుకో చెప్పటానికే మనం జీతం తీసుకుంటున్నాం.

భాష మాట కూడా చెప్పాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ రెండు గోడల మధ్య నలిగిపోతున్నారు. ఒకవైపు లాటిను, ఒకవైపు రత్ని, అరత్ని, జత్రుక అనే సంస్కృతం. ఇంట్లో అమ్మ నోట విన్న మాటలు రెంటిలోనూ లేవు. పిక్క, తొడ, పిర్ర, దండ, రెక్క, ముంజేయి, మణికట్టు, చీలమండ: ఎన్ని చక్కని మాటలు! పిక్క అనగానే పిల్లవాడి చెయ్యి దానంతటదే కాలిమీదకు పోతుంది. అక్కడ మొదలుపెట్టి, పట్టుకుని, కదిలించి, ఆ తరువాత "దీన్నే పుస్తకంలో గాస్ట్రాక్‌నీమియస్ అంటారు" అంటే పేరు తగిలించడానికి ఒక కొక్కెం దొరుకుతుంది. పేర్లు వద్దని నేననటం లేదు. వైద్యుడితో మాట్లాడాలన్నా, పెద్ద పుస్తకం చదవాలన్నా పేర్లు కావాలి. కాని పెళ్ళికొడుకును చూడకుండా శుభలేఖ బట్టీ పట్టటం ఎందుకు?

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. స్టాఫ్ రూములో చాలాసార్లు విన్నవే.

"అరవైమంది విద్యార్థులు, ఒక్క అస్థిపంజరం. ఎలా కుదురుతుందండీ?" అంటారు. అరవైమందీ అరవై అస్థిపంజరాలు మోసుకునే వచ్చారు గదా! పైగా కండరాలతో సహా, కదిలేవి. బీరువాకు తాళం కూడా లేదు.

"ఒకరిమీద ఒకరు చేతులు వేయటం మర్యాదగా వుంటుందా?" అంటారు. ఇది తీసివేయదగ్గ మాట కాదు. ఆడపిల్లలు ఆడపిల్లలతోనే చెయ్యాలి. ఎవరైనా సరే, అడిగి, ఒప్పుకున్న తరువాతే చెయ్యి వెయ్యాలి. ఇష్టం లేనివారు తమ వొంటిమీదే చూసుకోవచ్చు; దండ, తొడ, పిక్క ఎవరివి వారికి అందుతూనే వున్నాయి. ఇంకొక లాభం కూడా వున్నది. రేపు బడిలో పిల్లలను ముట్టుకునే ముందు అడగాలన్న సంస్కారం ఇక్కడే అలవడుతుంది.

"లోపలి కండరాలు చేతికి తగలవు గదా?" అంటారు. నిజమే. నడుము లోపలి సోవాస్ కండరం ఎవరి చేతికీ సులువుగా చిక్కదు. చెయ్యి అన్నీ చెప్పదు. అందుకే పటమూ కావాలి, శవపరీక్షా కావాలి, యంత్రమూ కావాలి. చెయ్యి చెప్పగలిగినదాన్ని కూడా వదిలేయటం దేనికని నా ప్రశ్న.

"ఇప్పుడు సెల్‌ఫోనుల్లో రంగురంగుల బొమ్మలు తిరుగుతూ చూపిస్తున్నాయి, ఇంకా ఇదంతా ఎందుకు సార్?" అని విద్యార్థులే అడుగుతున్నారు. నేనూ చూశాను, ముచ్చటగానే వున్నాయి. ఒక కండరం మీద వేలు పెడితే అది ఎర్రగా వెలిగి "మోచేతిని మడుచును" అని వస్తుంది. అంటే నాలుగు గళ్ళ పట్టికకే రంగు వేశారన్నమాట. చెంబు దించేటప్పుడు ఏది పనిచేస్తుందని ఆ బొమ్మను అడగాలంటే, ఆ ప్రశ్న ముందు మన బుర్రలో పుట్టాలి.

అన్నిటికంటె అసలు అడ్డంకి పరీక్ష. పరీక్షలో ఏది అడిగితే విద్యార్థి అదే చదువుతాడు. అతన్ని అనుకుని లాభం లేదు. కనుక పరీక్షను మార్చాలని నా మనవి. సగం మార్కులు పేర్లకు వుంచండి. మిగతా సగం కదలికకు ఇవ్వండి. ఒక మెట్టు దిగమనండి, ఒక బరువు దించమనండి, ఒక గెంతు గెంతమనండి. ఏ కీలు కదిలింది, భూమ్యాకర్షణ ఎటు లాగింది, ఏ కండరం ముడుచుకున్నది, ఏది సాగుతూ ఆపింది, ఎముకమీద లాగుడు ఎక్కడ పడింది? ఈ అయిదు ప్రశ్నలు చాలు. ఆపైన ఆరవది ఒకటి: ఇదే పని పదమూడేళ్ళ పిల్లవాడి చేత చేయించేటప్పుడు దేన్ని కనిపెట్టి వుండాలి? అనాటమీ, కైనిసియాలజీ రెండూ వేర్వేరు సెమిస్టర్లలో వుండటం మన చేతిలో లేకపోవచ్చు. మొదటి సెమిస్టరు పాఠాన్ని వారానికొక గంట మైదానంలో చెప్పుకోవటానికి ఎవరి ఉత్తర్వులు కావాలి?

విద్యార్థి సంఘంవారికి కూడా ఒక మాట. మీరు ఏటా ఆటల పోటీలు, నాటికలు, సన్మానాలు చేస్తున్నారు, చాలా సంతోషం. ఈసారి ఒక ఆదివారం పొద్దున్నే చుట్టుపక్కల బడుల పిల్లలను నలుగురిని పిలిచి, వాళ్ళు ఎలా పరుగెత్తుతున్నారో, ఎలా కూర్చుని లేస్తున్నారో కళ్ళారా చూడండి. బోధించకండి. ఊరికే చూడండి. ఎవరికైనా ఎక్కడైనా నొప్పి వున్నదేమో అడగండి. మీరు రాసుకున్న పట్టికలు అప్పుడు బయటకు తీయండి.

ఆ కుర్రవాడు నాకు మళ్ళీ కనిపించాడు. పదేళ్ళ కిందట ఒక పెళ్ళిలో. ఇప్పుడతనికి ఎరువుల దుకాణం, ఇద్దరు పిల్లలు. దూరంనుంచే గుర్తుపట్టి "నమస్కారమండి మాష్టారూ" అంటూ వచ్చాడు. నేను ముందు అడిగింది మోకాలి సంగతే. అతను నవ్వి, "నొప్పి ఎప్పుడో పోయిందండి. బుడిపె మాత్రం వుంది. దేవుడి దగ్గర మోకాళ్ళమీద కూర్చుంటే కాస్త తెలుస్తుందంతే" అన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. ఎందుకు తప్పో, ఆ తాడు ఎక్కడ అతుకుతుందో కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కాసేపు ఊరుకుని, "అయితే నాది బద్ధకం కాదన్నమాటండి" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు ఆ మాట అతని మనసులో వుండిపోయింది.

మిత్రులారా, మీలో చాలామంది వచ్చే ఏడు ఈ పాటికి ఏదో ఒక బడి మైదానంలో విజిల్ మెడలో వేసుకుని నిలబడతారు. ఒక పిల్లవాడు కుంటుతూ మీ దగ్గరకు వస్తాడు. ఆ క్షణాన మీకు గుర్తుకు రావలసింది పట్టికలోని నాలుగో గడి కాదు. వంగి, అడిగి, ఆ మోకాలిమీద చెయ్యి వేసి చూడండి. ఆ తరువాతే నోరు విప్పండి.